పేగు పంపే కబురు

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున ఆ రక్తమంతటిలో కరిగి ఉన్న గ్లూకోజు ఎంత అని లెక్క కడితే 4 నుంచి 5 గ్రాములు తేలుతుంది. అంటే ఒక చిన్న చెంచాడు. ఆ చెంచాడుతోనే ఒళ్ళంతా నెట్టుకురావాలి. మెదడు ఒక్కటే గంటకు 5 గ్రాముల దాకా వాడేసుకుంటుంది. ఆ లెక్కన గంట తిరిగేసరికి చెంచా ఖాళీ కావాలి, కాదు. ఇంకోవైపు కడుపునిండా తిన్న ఒక్క భోజనంలో 70, 80 గ్రాముల పిండిపదార్థం ఉండడం మామూలే. అదంతా చక్కెరగా మారి ఒక్కసారి రక్తంలో పడితే ఒక చెంచా పదిహేను చెంచాలవ్వాలి, అదీ జరగదు. తిన్నా, తినకపోయినా, పడుకున్నా, పరుగెత్తినా ఆ మట్టం కాస్త అటూ ఇటూ ఊగి మళ్ళీ మొదటి చోటికే వస్తుంది.

దీని వెనక ఉన్న ఏర్పాటు అర్థం కావాలంటే బడి పుస్తకాలు చేసిన ఒక పొరపాటును దాటాలి. అక్కడ జీర్ణవ్యవస్థ ఒక పాఠం, హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదిలే వినాళ గ్రంథులు ఇంకో పాఠం. మధ్యలో ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు వస్తాయి కాబట్టి రెండోది చదివే వేళకు మొదటిది మరుపున పడి ఉంటుంది. మొదటి పాఠం బొమ్మలో పేగు ఒక పొడవాటి గొట్టం. రెండో బొమ్మలో తలలో ఒకటి, మెడ దగ్గర ఒకటి, మూత్రపిండాల మీద రెండు, ఇలా అక్కడక్కడా చుక్కలు పెట్టినట్టు గ్రంథులు. ఆ రెండో బొమ్మలో పేగు ఊసే ఉండదు. కానీ ఒంట్లో హార్మోన్లు తయారుచేసే కణాల సంఖ్య చూస్తే అన్నిటికంటే పెద్ద వినాళ గ్రంథి జీర్ణనాళమే. దాని లోపలి పొరలో, మామూలు కణాల మధ్య ఒకటీ అరా చొప్పున చెదిరి ఉండడంవల్ల అది గ్రంథిలా కంటికి కనబడదు. అసలు హార్మోన్ అనే మాట పుట్టిందే పేగు గురించి మాట్లాడుతూ.

నోటి నుంచి కవాటం దాకా

జీర్ణక్రియ నోట్లో మొదలవుతుందని చెబుతారు. ఇంకా ముందే మొదలవుతుంది. వంట వాసన తగలగానే నోరూరుతుంది కదా, అదే సమయంలో జీర్ణాశయంలో ఆమ్లం కూడా ఊరడం మొదలవుతుంది. మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నాడి ఈ ముందస్తు కబురు మోసుకొస్తుంది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ప్రధానంగా తేల్చింది ఇదే. 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా జీర్ణక్రియ మీద చేసిన పనికే. గంట మోగితే లాలాజలం కార్చే కుక్క కథ మాత్రమే జనంలో మిగిలింది.

నోటి పని తొందరగా అయిపోతుంది. పళ్ళు నలుగ్గొడతాయి, లాలాజలం తడిపి జారేలా చేస్తుంది, అందులోని ఎమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. మింగిన ముద్ద దాదాపు 25 సెంటీమీటర్ల ఆహారవాహికను పది సెకన్లలోపే దాటుతుంది. అది బరువుకు కిందకు పడడం కాదు, కండరాలు వెనకనుంచి బిగిస్తూ ముందుకు తోస్తాయి. అందుకే తలకిందులుగా ఉన్నా మింగొచ్చు.

జీర్ణాశయం దగ్గర కొంచెం ఆగాలి. ఖాళీగా ఉన్నప్పుడు పిడికిలంత ఉండే ఈ సంచి లీటరు, లీటరున్నర దాకా సాగగలదు. లోపల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పీహెచ్ 1.5 నుంచి 2 మధ్య ఉంటుంది, అంటే మాంసాన్ని కరిగించేంత ఘాటు. మరి మాంసంతోనే చేసిన జీర్ణాశయం తనను తాను ఎందుకు అరిగించుకోదు? గోడకు లోపలివైపు చిక్కటి జిగురు పొర ఉంటుంది. ఆ పొర అడుగున కణాలు బైకార్బొనేట్ అనే క్షారాన్ని వదులుతూ ఉంటాయి కాబట్టి ఆమ్లం గోడను తాకేలోపే విరుగుతుంది. అప్పటికీ దెబ్బతిన్న పైపొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ప్రోటీన్లను తెగ్గొట్టే పెప్సిన్ అనే ఎంజైము కూడా కణంలో ఉన్నంతసేపూ నిద్రావస్థలోనే ఉంటుంది. బయటకొచ్చి ఆమ్లం తగిలాకే దానికి పదును వస్తుంది.

ఈ సంచిలో ఏం జరుగుతుందో మొదటిసారి కళ్ళతో చూసిన కథ ఒకటుంది. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలి పొట్టలో రంధ్రం పడింది. ప్రాణం నిలిచింది కానీ రంధ్రం పూడలేదు. వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రాన్ని కిటికీలా వాడుకున్నాడు. పట్టుదారానికి తిండి ముక్కలు కట్టి లోపలికి దించడం, గంటకోసారి పైకిలాగి ఎంత కరిగిందో చూడడం, ఇలా ఏళ్ళ తరబడి సాగింది. జీర్ణాశయంలో జరిగేది కుళ్ళడమో, ఉత్త నలుగుడో అనుకునే రోజుల్లో అది రసాయనిక చర్య అని 1833లో ఆయన ప్రకటించిన ఫలితాలు నిలబెట్టాయి. రోగి అవసరాన్ని వైద్యుడు తన ప్రయోగాలకు అలా వాడుకోవడం మాత్రం ఇప్పుడు తలుచుకున్నా ఇబ్బందిగానే ఉంటుంది.

మన వాడుకలో పొట్టకు సంబంధించిన ప్రతి బాధనూ గ్యాస్ అనేస్తారు. ఛాతీలో మంట పుట్టించేది చాలాసార్లు గాలి కాదు, ఆహారవాహికలోకి ఎగదన్నిన ఆమ్లం. అలాగే పొట్టలో పుండ్లకు టెన్షన్, కారం కారణమని చాలాకాలం వైద్యులే నమ్మారు. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా పాత్రను బయటపెట్టిన ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు.

ముద్ద జీర్ణాశయంలో పడగానే దాని గోడలోని కణాలు గ్యాస్ట్రిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గ్యాస్ట్రిన్ రక్తంతో ఒళ్ళంతా చుట్టి తిరిగి అదే జీర్ణాశయానికి వచ్చి, ఆమ్లం ఇంకా పోయమని చెబుతుంది. పక్కనే ఉన్న కణానికి కబురు పంపడానికి ఊరంతా తిరిగి రావడం వింతగా అనిపించొచ్చు. కానీ ఆ చుట్టుకు సుమారు ఒక నిమిషమే పడుతుంది. ఆమ్లం మోతాదు మించితే గ్యాస్ట్రిన్ ఆగిపోతుంది. తెరవమన్న కబురుకు మూయమన్న కబురు జంటగా ఉండడం ఈ వ్యవస్థలో ప్రతిచోటా కనిపిస్తుంది.

నిమిషానికి సుమారు మూడు అలల చొప్పున జీర్ణాశయం కింది భాగం చిలుకుతూ ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద ముక్కలను జీర్ణాశయం చివరున్న కవాటం పోనివ్వదు, వెనక్కి కొడుతుంది. మెత్తటి గుజ్జు మాత్రం కొంచెం కొంచెంగా, చిమ్మినట్టు, అవతలి గదిలోకి పోతుంది. ఎంత వేగంతో పోవాలన్నది నిర్ణయించేది జీర్ణాశయం కాదు. అవతలి గది.

పన్నెండు వేళ్ళ వెడల్పు

ఆ గది పేరు ఆంత్రమూలం. చిన్నపేగులో మొదటి 25 సెంటీమీటర్లు. పన్నెండు వేళ్ళు పక్కపక్కన పెడితే వచ్చే పొడవని పాతకాలపు శరీర శాస్త్రజ్ఞులు కొలిచారు. లాటిన్‌లో దాని పేరు కూడా ఆ పన్నెండు నుంచే వచ్చింది. జీర్ణక్రియ మొత్తంలో అసలు కథ నడిచేది ఈ జానెడు స్థలంలోనే, కానీ పేరు మాత్రం జీర్ణాశయానికి పోయింది. జీర్ణాశయం పూర్తిగా తీసేసినా మనుషులు బతుకుతారు, కాకపోతే కొంచెం కొంచెంగా తినాలి, బీ12 విటమిన్ బయటినుంచి తీసుకోవాలి. చిన్నపేగు లేకపోతే మాత్రం తిన్నది ఒంటికి పట్టదు.

ఆంత్రమూలానికి ఉన్న ఇబ్బంది ఒకటి చూడాలి. పైనుంచి వచ్చేది ఆమ్లంతో మరిగిపోతున్న గుజ్జు. ఈ పేగుకు జీర్ణాశయానికున్నంత గట్టి జిగురు పొర లేదు. పైగా ఇక్కడ పనిచేయాల్సిన ఎంజైములు ఆమ్లంలో పనిచేయవు. కాబట్టి వచ్చిన ప్రతి చిమ్ముకూ సరిపడా క్షారం వెంటనే కావాలి. ఆ క్షారం తయారయ్యేది పక్కనున్న క్లోమంలో (పాంక్రియాస్). తనకు కావలసింది ఇంకో అవయవం దగ్గరుంది, అడగాలి. ఎలా?

పావ్‌లోవ్ సమాధానం నాడులు. ఆ రోజుల్లో శరీరంలో ఏ కబురైనా నాడుల మీదే పోవాలని అందరి నమ్మకం. 1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ దీన్ని పరీక్షించారు. వీళ్ళిద్దరూ బావా బావమరుదులు, స్టార్లింగ్ సోదరిని బేలిస్ పెళ్ళాడాడు. మత్తు ఇచ్చిన కుక్క పేగులో ఒక మడతను రెండు వైపులా కట్టేసి, దానికి వెళ్ళే నాడులన్నీ తెంచేశారు. రక్తనాళాలు మాత్రం ఉంచారు. ఆ మడతలోకి కొంచెం ఆమ్లం పోశారు. నాడులు లేవు కాబట్టి ఏమీ జరగకూడదు. రెండు నిమిషాలు తిరిగేలోపు క్లోమం నాళం చివర చుక్కలు పడడం మొదలయ్యాయి.

కబురు రక్తంలోనే పోయి ఉండాలి. స్టార్లింగ్ వెంటనే ఆ పేగు ముక్క లోపలి పొరను గీకి, ఇసుకా ఆమ్లమూ వేసి నూరి, వడకట్టి, ఆ రసాన్ని కుక్క మెడలోని సిరలోకి ఎక్కించాడు. క్లోమం మళ్ళీ చుక్కలు వదిలింది. మధ్యాహ్నం ఒక్క పూటలో తేలిన విషయం ఇది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. నాడులదే సర్వాధికారం అని నమ్మిన పావ్‌లోవ్ ప్రయోగశాల కూడా ప్రయోగాన్ని తిరిగి చేసి చూసి ఒప్పుకోవలసి వచ్చింది. 1905లో స్టార్లింగ్ తన ఉపన్యాసాల్లో ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోన్ అనే మాట వాడాడు. గ్రీకులో ప్రేరేపించడం, కదిలించడం అని అర్థం వచ్చే మాటనుంచి తీసుకున్నాడు.

సెక్రెటిన్‌కు తోడు ఇంకొకటుంది, కోలిసిస్టోకైనిన్. కొవ్వు, ప్రోటీన్ ముక్కలు ఆంత్రమూలం గోడను తాకితే ఇది విడుదలవుతుంది. ఒక్క హార్మోను, పనులు మాత్రం అరడజను. పిత్తాశయాన్ని పిండి పైత్యరసం బయటకు తోయిస్తుంది. ఆ రసం పేగులోకి దిగే చోటున్న బిగువును వదులు చేస్తుంది. క్లోమం చేత ఎంజైములు పోయిస్తుంది. జీర్ణాశయానికి నెమ్మదిగా పంపమని చెబుతుంది. మెదడుకు ఇక చాలు అని సంకేతం ఇస్తుంది. నూనె, కొవ్వు ఎక్కువున్న భోజనం చేస్తే గంటల తరబడి పొట్ట బరువుగా ఉండడానికి కారణం ఇదే. పిత్తాశయంలో రాళ్ళున్నవారికి అలాంటి భోజనం తర్వాతే నొప్పి లేవడానికి కారణం కూడా ఇదే.

పైత్యరసంలో ఎంజైములు ఉండవు. అది జిడ్డు గిన్నెకు సబ్బు చేసే పనిని కొవ్వుకు చేస్తుంది. పెద్ద బొట్లను సన్నటి తుంపరగా విడగొడితే క్లోమం నుంచి వచ్చిన, కొవ్వును విరిచే లైపేజ్ వాటిమీద పడుతుంది. ఈ సబ్బు లాంటి లవణాలు ఒంట్లో మొత్తం కలిపినా కొద్ది గ్రాములే. అందుకే వాడినవాటిని చిన్నపేగు చివరిభాగం తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది. నూటికి 95 వంతులు ఇలా వెనక్కి వస్తాయి, ఒకే సరుకు రోజుకు చాలాసార్లు తిరుగుతుంది.

క్లోమం ఎంజైములు ఇంకా ప్రమాదకరమైన సరుకు. ప్రోటీన్, కొవ్వు, పిండి మూడింటినీ విరిచేవి ఒకేచోట తయారవుతాయి. అందులో ప్రోటీన్‌ను తెంచే ట్రిప్సిన్ మూతపెట్టిన కత్తిలా నిద్రాణంగా బయలుదేరుతుంది, పేగు గోడమీదున్న మరో ఎంజైము ఆ మూత తీస్తుంది. ఏ కారణంవల్లనైనా ఆ మూత క్లోమంలోనే ఊడితే గ్రంథి తనను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. క్లోమపు వాపులో అంత భయంకరమైన నొప్పి అందుకే.

దండోరా

నాడి ద్వారా పోయే కబురు ఫోన్ కాల్ లాంటిది. ఒకరి నుంచి ఒకరికి, అప్పటికప్పుడు. హార్మోను దండోరా లాంటిది. ఊరంతా వినబడుతుంది, కానీ ఎవరికి సంబంధించిందో వాళ్ళే కదులుతారు. కణం మీద ఆ హార్మోనుకు సరిపడే గ్రాహకం ఉంటే కదలిక, లేకపోతే లేదు. అందుకే చాలా కొద్ది పదార్థం చాలు, మనిషి నడత మారిపోవడానికి.

హార్మోన్ల వేగాలు ఒకలా ఉండవు. సెక్రెటిన్, ఇన్సులిన్ లాంటి ప్రోటీన్ జాతివి నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతాయి. థైరాయిడ్ హార్మోను కణం లోపలికే వెళ్ళి జన్యువుల పనిని మారుస్తుంది కాబట్టి ప్రభావం కనబడడానికి రోజులు, వారాలు పడుతుంది. రక్తంలో థైరాక్సిన్ సగం తగ్గడానికి వారం దాకా పడుతుంది. థైరాయిడ్ మాత్ర ఒకపూట మరిచిపోతే తేడా తెలియకపోవడం, మోతాదు మార్చాక మళ్ళీ రక్తపరీక్షకు ఆరు వారాలు ఆగమనడం ఇందుకే. ఈ హార్మోను తక్కువైతే పేగు కదలిక కూడా మందగించి మలబద్ధకం వస్తుంది, ఎక్కువైతే విరేచనాలు. తలలో అరగ్రాము బరువుండే పీయూష గ్రంథి థైరాయిడ్‌ను ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉంటుంది. రక్తంలో హార్మోను తగ్గితే థైరాయిడ్ చేత పనిచేయించే టీఎస్‌హెచ్ అనే తన హార్మోనును పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. పరీక్ష కాగితంలో టీఎస్‌హెచ్ ఎక్కువుంటే థైరాయిడ్ తక్కువ అని డాక్టర్ చెప్పడం మొదట తికమకగా ఉంటుంది. పనివాడు కదలకపోతే మేస్త్రీ గొంతు పెరుగుతుంది, అంతే.

హార్మోన్ ఇంబ్యాలెన్స్ అనే మాట ఈమధ్య నీరసానికీ, జుట్టు రాలడానికీ, కోపానికీ కూడా వాడేస్తున్నారు. అది జబ్బు పేరు కాదు. ఏ హార్మోను, ఎంత, ఏ వేళకు, దాన్ని నడిపించే పై హార్మోను ఎంత అన్నవి చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు. మూత్రపిండాల మీది గ్రంథులు వదిలే కార్టిసాల్ పొద్దున ఎక్కువ, అర్ధరాత్రి అట్టడుగు. ఒకే అంకె ఒక వేళకు ఆరోగ్యం, ఇంకో వేళకు జబ్బు.

చెంచా దగ్గరికి మళ్ళీ

పిండిపదార్థం చిన్నపేగులో గ్లూకోజుగా విడిపోతుంది. సుమారు 6 మీటర్ల ఆ పేగు లోపల మడతలు, మడతల మీద వేలాడే చూషకాలు, చూషకాల మీది కణాలకు మళ్ళీ సన్నటి నూగు. పరిస్తే టెన్నిస్ కోర్టంత అని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత మరింత జాగ్రత్తగా కొలిచినవాళ్ళు జీర్ణనాళం మొత్తం సుమారు 30 నుంచి 40 చదరపు మీటర్లని తేల్చారు. అంటే బాడ్మింటన్ కోర్టులో సగం. అది కూడా తక్కువేం కాదు. పీల్చుకున్న గ్లూకోజు నేరుగా గుండెకు పోదు. పేగునుంచి వచ్చే రక్తమంతా ముందు కాలేయం గుమ్మం తొక్కాలి. క్లోమం వదిలే ఇన్సులిన్ కూడా అదే దారిన ముందు కాలేయానికే చేరుతుంది. సరుకు, సరుకును ఏం చేయాలో చెప్పే ఉత్తరువు రెండూ ఒకే బండిలో వస్తాయన్నమాట. కాలేయం కొంత గ్లూకోజును గ్లైకోజెన్ అనే నిల్వ రూపంలో దాచి, మిగతాది వదులుతుంది. కొవ్వు మాత్రం ఈ దారిన రాకుండా శోషరస నాళాల్లో పడి చుట్టూ తిరిగి రక్తంలో కలుస్తుంది.

క్లోమానికి రెండు వృత్తులు. బరువులో నూటికి 98, 99 వంతులు జీర్ణరసం తయారీకే. మధ్యమధ్య సముద్రంలో దీవుల్లా ఉన్న కణాల గుంపులను 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి మైక్రోస్కోపులో చూశాడు. అవి ఎందుకున్నాయో అతనికి తెలియలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1889లో, జర్మన్ వైద్యులు మెరింగ్, మింకోవ్‌స్కీ కుక్కకు క్లోమం తీసేస్తే దానికి మధుమేహం వచ్చింది. అయినా ఇన్సులిన్‌ను బయటకు తీయడానికి ఇంకో 30 ఏళ్ళు పట్టింది. కారణం ఆ రెండు వృత్తులే. క్లోమాన్ని నూరితే దానిలోని జీర్ణరసాలు ప్రోటీన్ అయిన ఇన్సులిన్‌ను ముక్కలు చేసేవి. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు మెక్లౌడ్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో ఈ ముడి విప్పడం మొదలుపెట్టారు, కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఇన్సులిన్‌ను శుద్ధిచేశాడు. 1922 జనవరిలో లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయికి మొదటిసారి ఎక్కించారు. ఇన్సులిన్‌ను మాత్రగా మింగకుండా సూది వేసుకోవలసి రావడానికి కారణం కూడా అదే. మింగితే అది మందు కాదు, మరో ముద్ద.

ఆ దీవుల్లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం పని చూడముచ్చటగా ఉంటుంది. దానికి గ్లూకోజును ప్రత్యేకంగా కొలిచే పరికరం ఏదీ లేదు. గ్లూకోజు లోపలికొస్తుంది, కణం దాన్ని తన అవసరానికే మండిస్తుంది. మంట పెరిగేకొద్దీ శక్తి నిల్వ పెరుగుతుంది, దాంతో పొటాషియం తలుపులు మూసుకుంటాయి. విద్యుత్తు మారి కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి, సిద్ధంగా ఉన్న ఇన్సులిన్ పొట్లాలు బయటపడతాయి. తను తినే తిండినే కొలతగా వాడుకుంటోంది ఆ కణం. ఇన్సులిన్ అందుకున్న కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి లాక్కునే ద్వారాలను పైపొరకు తెచ్చిపెడతాయి.

ఇక్కడ పేగు మళ్ళీ తలదూర్చుతుంది. గ్లూకోజును ఒకసారి నోటితో తాగించి, ఇంకోసారి సిరలోకి ఎక్కించి, రెండుసార్లూ రక్తంలో చక్కెర మట్టం ఒకేలా ఉండేట్టు చూస్తే, తాగినప్పుడే ఇన్సులిన్ చాలా ఎక్కువ వస్తుందని 1960లలో గమనించారు. బీటా కణం చక్కెరనొక్కదాన్నే చూస్తుంటే ఈ తేడా రాకూడదు. తేడా తెచ్చింది పేగు. గ్లూకోజు తగలగానే అది జీఐపీ, జీఎల్‌పీ-1 అనే హార్మోన్లు వదిలి, సరుకు వస్తోంది సిద్ధంగా ఉండు అని క్లోమానికి ముందే చెప్పేస్తుంది. ఆరోగ్యవంతుల్లో భోజనం తర్వాతి ఇన్సులిన్‌లో సగానికి పైగా ఈ ముందస్తు కబురు చలవే. టైప్ 2 మధుమేహంలో ఈ ప్రభావం బాగా తగ్గిపోతుంది.

జీఎల్‌పీ-1ని మందుగా వాడదామంటే చిక్కొకటుంది, రక్తంలో అది రెండు నిమిషాలు కూడా నిలవదు, ఒక ఎంజైము తెగ్గొట్టేస్తుంది. దారి దొరికింది ఒక బల్లి దగ్గర. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ విషంలో దాన్ని పోలిన, కానీ అంత త్వరగా తెగని పదార్థం ఉందని జాన్ ఎంగ్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో కనిపెట్టాడు. దానినుంచి పుట్టిన మందుకు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు బరువు తగ్గించే సూదులుగా అందరి నోళ్ళలో నానుతున్న సెమాగ్లూటైడ్ లాంటివి ఆ తోవలోనే వచ్చినవి. రక్తంలో ఇవి రోజుల తరబడి ఉంటాయి, పేగు రెండు నిమిషాలు చెప్పే మాటను వారమంతా చెబుతాయి. వాటివల్ల వాంతి వచ్చినట్టుండడం, పొట్ట ఖాళీ కాకపోవడం విడిగా పుట్టిన దోషాలు కావు, జీర్ణాశయాన్ని నెమ్మదించమనే అదే మాట మరీ గట్టిగా వినబడడం.

తినకుండా ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. దీవుల్లోని పొరుగు కణాలు గ్లూకగాన్ వదులుతాయి, కాలేయం దాచిన సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్‌ను విప్పుతుంది. అది రాత్రి గడవడానికి సరిపోతుంది. ఆపైన ప్రోటీన్ ముక్కల నుంచీ, మరికొన్నింటి నుంచీ కొత్తగా గ్లూకోజు తయారవుతుంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి కాలేయాన్ని ఇంకొంచెం తెరుస్తాయి. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎక్కువ చూపిస్తోందని మధుమేహం ఉన్నవారు ఆశ్చర్యపడేది అందుకే. బీటా కణాలను రోగనిరోధక వ్యవస్థే చంపేస్తే టైప్ 1, కణాలు ఇన్సులిన్ మాట వినడం మానేసి క్రమంగా తయారీ కూడా అలిసిపోతే టైప్ 2. రక్తంలో చక్కెర మట్టం 100 మిల్లీలీటర్లకు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు పట్టి ఉంచలేవు, చక్కెర మూత్రంలోకి జారుతుంది, వెంట నీటినీ లాక్కుపోతుంది. అతిదాహం అక్కడినుంచి వచ్చిందే.

మిగిలినది

పెద్దపేగు దగ్గర చెప్పాల్సింది ముఖ్యంగా నీళ్ళ సంగతి. తాగినవీ, లాలాజలం మొదలు క్లోమరసం దాకా ఒళ్ళు పోసినవీ కలిపి రోజుకు 8, 9 లీటర్లు పేగులోకి చేరతాయి. చిన్నపేగు చాలామటుకు పీల్చగా మిగిలిన లీటరు, లీటరున్నరను పెద్దపేగు పీలుస్తుంది. బయటకు పోయేది 100, 200 మిల్లీలీటర్లే. ఎంజైములకు లొంగని పీచును అక్కడి బాక్టీరియా పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. అవి తగిలితే పేగు చివరి కణాలు కూడా జీఎల్‌పీ-1 వదులుతాయి.

ఆకలికీ హార్మోను ఉందని బాగా ఆలస్యంగా తెలిసింది. ఒంటి కొవ్వు ఎంతుందో మెదడుకు చెప్పే లెప్టిన్ 1994లో, ఖాళీ జీర్ణాశయం వదిలే గ్రెలిన్ 1999లో దొరికాయి. లెప్టిన్ సూదితో ఊబకాయం పోతుందని మొదట్లో గంపెడాశ పెట్టుకున్నారు. తీరా చూస్తే లావుగా ఉన్నవారిలో చాలామందికి అది ఎక్కువే ఉంది, మెదడే వినడం లేదు. గ్రెలిన్ మాత్రం అలవాటైన భోజనం వేళకు ముందు పెరిగి, తిన్నాక దిగుతుంది. వేళ దాటాక తినకపోయినా ఆకలి కాస్త చల్లారడం చాలామందికి అనుభవమే.

భోజనమై నాలుగైదు గంటలు గడిచి, జీర్ణాశయమూ చిన్నపేగూ ఖాళీ అయ్యాక ఇంకో హార్మోను మేల్కొంటుంది, మోటిలిన్. ప్రతి గంటన్నర, రెండు గంటలకొకసారి అది ఒక బలమైన అలను లేపుతుంది. జీర్ణాశయంలో మొదలైన ఆ అల చిన్నపేగు చివరిదాకా ఊడ్చుకుంటూ పోతుంది. అరగని ముక్కలు, రాలిన కణాలు, చేరకూడని చోట చేరిన బాక్టీరియా అన్నీ కిందకు. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మోటిలిన్ గ్రాహకాన్నే తట్టడంవల్ల కొందరికి దాన్ని వాడితే పొట్ట మెలిపెడుతుంది. లోపల తిండి లేదు కాబట్టి అల పోయేటప్పుడు గాలీ నీరూ కదిలే చప్పుడు బయటికి గట్టిగా వినిపిస్తుంది. నలుగురిలో కూర్చున్నప్పుడు పేగులు అరుస్తున్నాయని, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని అనుకునేది ఈ ఊడ్పు చప్పుడునే. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే అల అక్కడికక్కడ ఆగిపోతుంది.